స్టాప్‌వాచీ తేల్చని పంచాయితీ: ఏడో తరం బీఎండబ్ల్యూ ఎం5

బీఎండబ్ల్యూ 5 సిరీస్ సెడాన్‌కు వేగపు రూపమైన ఎం5 నలభై ఏళ్ల చరిత్రలో ఒక లెక్క మాత్రం ఆరో తరం దాకా ఎన్నడూ తప్పలేదు. కొత్త తరం వచ్చిన ప్రతిసారీ, నిలిచి ఉన్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పట్టే సమయం తగ్గుతూనే వచ్చింది. 1998లో వచ్చిన మూడో తరానికి కంపెనీ 5.3 సెకన్లు చెప్పింది. పది సిలిండర్ల ఇంజనుతో వచ్చిన నాలుగో తరానికి అది 4.7కు, 2011 నాటి ఐదో తరానికి 4.4కు, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చిన ఆరో తరానికి ఒక్కసారిగా 3.4కు దిగింది. 2024 జూన్‌లో బయటపెట్టిన ఏడో తరానికి అదే కంపెనీ చెబుతున్న సమయం 3.5 సెకన్లు. పదో వంతు సెకను స్టీరింగు పట్టుకున్నవారికి తెలిసే తేడా కాదు. అయినా ముల్లు వెనక్కి తిరగడం ఇదే మొదటిసారి. పైగా ఆరో తరంలో 600గా ఉన్న హార్స్‌పవర్ ఈసారి 727కు, 750 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఏకంగా 1,000కి పెరిగాక ఇలా జరిగింది.

కారణం బరువు. కొత్త ఎం5 ఖాళీగా 2,435 కిలోలు తూగుతుంది. దీని ముందు తరం దాదాపు 1,900 కిలోల కారు. అంటే ఐదు క్వింటాళ్లకు పైగా అదనపు భారం. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి బస్తాలు డజను దాకా కారులో శాశ్వతంగా వేసుకుని తిరగడమన్న మాట. శక్తిని బరువుతో భాగిస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఆరో తరంలో 625 హార్స్‌పవర్ ఇచ్చిన కాంపిటిషన్ అనే రకానికి టన్నుకు సుమారు 330 హార్స్‌పవర్ ఉండేది. కొత్తదానికి టన్నుకు 300 కూడా నిండదు. ఇంత తేడా ఉన్నా సమయంలో తేడా అంత తక్కువగా ఉందంటే అది ఈసారి పెట్రోలు ఇంజనుకు తోడు చేర్చిన ఎలక్ట్రిక్ మోటారు పుణ్యమే. నిలిచి ఉన్న కారును కదిలించే తొలి క్షణాల్లో, ఇంజనులోకి గాలిని అదిమే టర్బోలు ఇంకా ఊపిరి పోసుకోకముందే, మోటారు తన పూర్తి టార్క్‌ను చక్రాలకు అందించేస్తుంది.

ఈ కారులో ఏది ఎక్కడుందో చూస్తే తప్ప ఈ బరువు ఎందుకొచ్చిందో అర్థం కాదు. ముందు భాగంలో 4.4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను, రెండు టర్బోలతో, ఒక్కటే 585 హార్స్‌పవర్, 750 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. దాని వెనక ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సు ఉంది. ఆ గేరుబాక్సు పెట్టె లోపలే 197 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ మోటారును ఇమిడ్చారు. సీట్ల కింద నేలలో బ్యాటరీ ఉంది. అందులో వాడుకోదగిన విద్యుత్తు 18.6 కిలోవాట్ అవర్లు, అంటే మన మీటరు భాషలో పద్దెనిమిదిన్నర యూనిట్లు. మోటారును నేరుగా వెనక ఇరుసుకు బిగించకుండా గేరుబాక్సులో పెట్టడంలో ఒక గడుసుదనం ఉంది. ఇంజను టార్క్‌ను గేర్లు ఎలా హెచ్చిస్తాయో మోటారు టార్క్‌నూ అలాగే హెచ్చిస్తాయి. అది చాలదన్నట్టు మోటారుకూ గేరుబాక్సుకూ నడుమ మరో చిన్న గేరు జత ఉంది. మోటారు స్వయంగా ఇచ్చే 280 న్యూటన్ మీటర్లు దాని వల్ల గేరుబాక్సు ముఖద్వారం దగ్గర 450గా మారతాయి. దీంతో చిన్న మోటారుతోనే పెద్ద మోటారు పని జరుగుతుంది. పెద్దది పెట్టి ఉంటే బరువు ఇంకా పెరిగేది.

ఇక్కడ చాలామందికి వచ్చే సందేహం ఒకటుంది. 585కు 197 కలిపితే 782 రావాలి కదా, 727 ఏమిటి? ఇంజను తన గరిష్ఠ శక్తిని ఇచ్చే వేగం ఒకటి, మోటారు ఇచ్చే వేగం మరొకటి. రెండూ ఒకే క్షణంలో శిఖరాన ఉండవు. టార్క్ విషయంలో గేరుబాక్సు భరించగల హద్దు కూడా అడ్డొస్తుంది. ప్రకటనల్లో కనిపించే 1,000 అనే గుండ్రటి అంకె కంప్యూటరు గీసిన గీత. ఇనుములో ఉన్న సత్తా అంతకంటే కాస్త ఎక్కువే ఉంటుంది. అలాగే ఆ 727 హార్స్‌పవర్ ఎప్పుడంటే అప్పుడు, ఎంతసేపు కావాలంటే అంతసేపు దొరికేదీ కాదు. బ్యాటరీలో చాలినంత విద్యుత్తు ఉండాలి. అందుకే కారులో ఒక అమరిక విద్యుత్తును పొదుపుగా వాడుతూ ఎక్కువసేపు నిలకడగా పరుగెత్తేలా చూస్తుంది. మరో అమరిక ఉన్నదంతా కొద్దిసేపట్లో ఊడ్చి ఇచ్చేస్తుంది. పాత ఎం5లో పెట్రోలు ఉన్నంతవరకు కారు ఒకేలా ఉండేది. ఇందులో కారు ఏ గుణం చూపిస్తుందన్నది కొంతవరకు బ్యాటరీ ముల్లు ఎక్కడుందన్నదాన్ని బట్టి ఉంటుంది.

మరి ఇంత బరువు, ఇంత తిరకాసు ఎందుకు? బీఎండబ్ల్యూ ఇంజనీర్లకు తేలికైన కారు చేయడం చేతకాక కాదు. ఆరో తరంలో చివర వచ్చిన సీఎస్ రకం 3 సెకన్లలో 100 అందుకుంది. కారణం యూరప్ నియమావళి. యూరోపియన్ యూనియన్‌లో ఒక కంపెనీ ఏడాదిలో అమ్మిన కొత్త కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్ ఉద్గారం ఒక పరిమితికి లోబడి ఉండాలి. 2025 నుంచి మొత్తం పరిశ్రమకు ఆ లక్ష్యం కిలోమీటరుకు 93.6 గ్రాములు. దాటిన ప్రతి గ్రాముకు, అమ్మిన ప్రతి కారుకు 95 యూరోల చొప్పున జరిమానా. 2025 నుంచి 2027 వరకు మూడేళ్ల సగటు చూపించుకునే వెసులుబాటు తరువాత ఇచ్చారు గానీ లక్ష్యం మాత్రం అక్కడే ఉంది. వీ8 ఇంజను ఒంటరిగా ఈ లెక్కలోకి వస్తే కిలోమీటరుకు 230 గ్రాములకు పైగా మోసుకొస్తుంది. అదే ఇంజనుకు 67 నుంచి 69 కిలోమీటర్లు విద్యుత్తు మీదే నడవగల బ్యాటరీ తోడైతే, అధికారిక పరీక్షలో అదే కారు 37 నుంచి 39 గ్రాములకు దిగింది. వీ8ను బతికించుకోవడానికి చెల్లించిన సుంకమే ఆ ఐదు క్వింటాళ్లు.

ఆ 39 గ్రాములు ఎలా వచ్చాయో కూడా తెలుసుకోవాలి. పరీక్షలో మొదట నిండు బ్యాటరీతో కారును నడిపి కొలుస్తారు, తరువాత ఖాళీ బ్యాటరీతో నడిపి కొలుస్తారు. ఆ రెంటినీ ఒక నిష్పత్తిలో కలుపుతారు. విద్యుత్తు మీద ఎక్కువ దూరం పోగల కారును దాని యజమాని ఎక్కువ భాగం విద్యుత్తు మీదే నడుపుతాడన్న ఊహ ఆ నిష్పత్తిలో ఉంది. ఆ ఊహ ఎంత ఉదారమైనదో 2024 మార్చిలో యూరోపియన్ కమిషన్ స్వయంగా బయటపెట్టింది. కార్లలోనే అమర్చిన ఇంధన మీటర్ల నుంచి సేకరించిన సమాచారం ప్రకారం ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లు, అంటే ఎం5లా ఇంజనుతో పాటు ప్లగ్గు పెట్టి నింపే బ్యాటరీ కూడా ఉన్న కార్లు, రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్ ప్రయోగశాల అంకెకు సగటున మూడున్నర రెట్లు ఉంది. దరిమిలా ఆ నిష్పత్తిని కఠినం చేసే నియమాలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. వంద కిలోమీటర్లకు 1.7 లీటర్లు అని ఎం5 పత్రంలో కనిపించే అంకెను ఈ వెలుగులో చూడాలి. బ్యాటరీ ఖాళీ అయిన కారు పది లీటర్లకు పైగా తాగుతుంది. 727 హార్స్‌పవర్ కారుకు నిజానికి అదేమీ సిగ్గుపడే అంకె కాదు. సిగ్గు ఎవరికైనా ఉంటే అది 1.7ను నమ్మమన్నవారికి ఉండాలి.

ఎం5 చుట్టూ గొడవ మాత్రం కొత్తది కాదు. 1985లో వచ్చిన తొలి ఎం5 ఆలోచన చాలా సూటిగా ఉండేది. బీఎండబ్ల్యూ ఎం1 అనే స్పోర్ట్స్ కారు ఇంజనును సవరించి, 286 హార్స్‌పవర్ చేసి, ఆఫీసుకు పోయే ఒక సాదా సెడాన్‌లో బిగించారు. బయటికి చూస్తే అది మామూలు 5 సిరీస్. గుర్తుపట్టడానికి చిన్న బిళ్ల తప్ప పెద్ద ఆనవాలు లేదు. మూడో తరంలో ఆరు సిలిండర్లు పోయి ఎనిమిది వస్తే అభిమానులు సణిగారు. నిమిషానికి 8,000 చుట్లు దాటి గర్జించే వీ10 పోయి ఐదో తరంలో టర్బో వస్తే ఇంజను గొంతు నొక్కారన్నారు. ఆరో తరంలో నాలుగు చక్రాలకూ శక్తి వస్తే నడిపేవాడి చేతిలో పనేముందన్నారు. ప్రతిసారీ కంపెనీ దగ్గర ఒకటే సమాధానం ఉండేది: కొలిచి చూడండి. కొలిస్తే కొత్తది గెలిచేది. వాదన అక్కడితో ఆగిపోయేది. ఈసారి ఆ సమాధానం చెల్లదు. ఏడో తరం మంచిదా కాదా అన్న పంచాయితీని తేల్చడానికి స్టాప్‌వాచీ కాకుండా వేరే సాక్షులు కావాలి.

ఒక సాక్షి పొరుగింట్లోనే దొరుకుతుంది. మెర్సిడెస్-ఏఎంజీ కూడా ఇదే నియమావళిని ఎదుర్కొంది. ఎంచుకున్న దారి మాత్రం వేరు. సీ63 కారులో వీ8ను తీసేసి రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను పెట్టింది. దానికి 204 హార్స్‌పవర్ మోటారు కలిపి మొత్తం 680 హార్స్‌పవర్, 1,020 న్యూటన్ మీటర్లు సాధించింది. బ్యాటరీ 6.1 కిలోవాట్ అవర్లే కాబట్టి విద్యుత్తు మీద పోయే దూరం 13 కిలోమీటర్లు. కాగితం మీద అది ఎంతో తెలివైన కారు. అయినా బరువు 2,100 కిలోలు దాటింది. పైగా ఆ ధరకు కొనేవాళ్లు ఎదురుచూసే ఎనిమిది సిలిండర్ల శబ్దం లేకుండా పోయింది. ఈ రెండు కార్లూ 2024 నవంబరులో కొద్ది రోజుల తేడాతో భారత్‌లో విడుదలయ్యాయి. అప్పుడు సీ63 ధర 1.95 కోట్లు, ఎం5 ధర 1.99 కోట్లు. నాలుగు లక్షల తేడాలో ఒక కంపెనీ ఇంజనును వదులుకుని బరువును కొంత అదుపు చేసింది, మరొకటి బరువును భరించి ఇంజనును నిలుపుకుంది. రెంటిలో బీఎండబ్ల్యూ బేరమే మెరుగు. బరువు కంప్యూటర్లతో, టైర్లతో కొంతైనా కప్పిపుచ్చగల లోపం. లేని సిలిండర్లను స్పీకర్లలోంచి పుట్టించడం మాత్రం ఎవరివల్లా కాలేదు.

ఆ కప్పిపుచ్చడం ఎలా జరిగిందో చూస్తే ఇంజనీర్ల కష్టం తెలుస్తుంది. ముందు చక్రాల మీది రెక్కలు మామూలు 5 సిరీస్ కంటే 75 మిల్లీమీటర్లు, వెనకవి 48 మిల్లీమీటర్లు వెడల్పయ్యాయి. ముందు 20 అంగుళాలు, వెనక 21 అంగుళాల చక్రాలు వచ్చాయి. వెనక చక్రాలు కూడా ఒకటిన్నర డిగ్రీ వరకు తిరుగుతాయి. తక్కువ వేగంలో ముందు చక్రాలకు ఎదురు దిశలో తిరిగి ఐదు మీటర్లు దాటిన ఈ పొడవాటి కారును చిన్న సందులో మలుపు తిప్పడానికి సాయపడతాయి, ఎక్కువ వేగంలో అదే దిశలో తిరిగి నిలకడనిస్తాయి. బ్యాటరీ నేలలో ఉండటం వల్ల భారమంతా కిందికి దిగింది కాబట్టి మలుపులో కారు ఒరగడం తగ్గుతుంది. నాలుగు చక్రాల శక్తిని పూర్తిగా వెనక చక్రాలకే మళ్లించే అమరికను కూడా ఉంచారు, పాతకాలపు అభిమానుల కోసం. అయితే భౌతిక సూత్రాన్ని ఏ కంప్యూటరూ మోసగించలేదు. డ్రైవరుతో కలిపి 2,500 కిలోల కారు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దానిలోని గతిశక్తి, పాత కారుతో పోలిస్తే పావు వంతుకు మించి ఎక్కువ. బ్రేకు నొక్కిన ప్రతిసారీ అదంతా ఎక్కడికో పోవాలి. రోజువారీ బ్రేకులో కొంత భాగం తిరిగి బ్యాటరీలోకి పోతుంది. గట్టిగా ఆపాల్సి వస్తే మాత్రం మొత్తం డిస్కుల మీద, టైర్ల మీద పడుతుంది.

ఇక ఈ కారును హనుమకొండలో నిలబెట్టి చూద్దాం. కాజీపేట, హనుమకొండ, వరంగల్ మూడు పట్టణాలూ కలిసిన ఈ నగరంలో ఒక కొస నుంచి మరో కొసకు పది పదిహేను కిలోమీటర్లకు మించదు. సుబేదారి నుంచి హంటర్ రోడ్డు, అక్కడి నుంచి వరంగల్ చౌరస్తా, మళ్లీ నయీంనగర్ మీదుగా ఇల్లు. ఒక వ్యాపారి దినచర్య మొత్తం 69 కిలోమీటర్ల విద్యుత్తు పరుగులో తేలికగా ఇమిడిపోతుంది. విద్యుత్తు మీద ఈ కారు 140 కిలోమీటర్ల వేగం దాకా పోగలదు. నగరంలో దానిలో సగం వేగానికి కూడా పని ఉండదు. నియమావళి కోసం అయిష్టంగా మోసిన బ్యాటరీయే ఇక్కడ ఈ కారులో రోజూ పనికొచ్చే భాగం. వీ8 వారం రోజులు నిద్రపోయినా యజమానికి లోటు తెలియదు.

దానికి ఇంటి దగ్గర ఏర్పాటు కావాలి. ఈ కారుకు పెట్రోలు బంకుల పక్కన కనిపించే డీసీ ఫాస్ట్ చార్జర్లు పనికిరావు. ఇంటి కరెంటు తరహా ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) చార్జింగు ఒక్కటే ఉంది. విడుదల సమయంలో కంపెనీ చెప్పిన 7.4 కిలోవాట్ల వేగంతో ఖాళీ బ్యాటరీ నిండటానికి మూడుంబావు గంటలు పడుతుంది. ఇంట్లో ఏసీలు, గీజరు, బోరు మోటారు నడుస్తుండగా దీన్నీ కలపాలంటే విద్యుత్ సంస్థ దగ్గర మంజూరైన లోడు పెంచుకోవాలి, త్రీ ఫేజ్ ఉంటే మంచిది. గోడకున్న 15 ఆంపియర్ల ప్లగ్గుతోనూ పని జరుగుతుంది గానీ రాత్రంతా పెట్టాల్సిందే. అపార్ట్‌మెంటు సెల్లారులో ఉమ్మడి మీటరు ఉన్నచోట కారు కంటే ముందు సంఘంతో మాట్లాడుకోవాలి.

హైదరాబాదు ప్రయాణంలో కథ మారుతుంది. 163వ నంబరు జాతీయ రహదారి మీద హనుమకొండ నుంచి రాజధానికి నూట నలభై కిలోమీటర్ల పైమాటే. నిండు బ్యాటరీతో బయలుదేరి విద్యుత్తు మీదే పోతే స్టేషన్ ఘన్‌పూర్ దాటి జనగామ దరిదాపుల్లో అది అయిపోతుంది. వేగం ఎక్కువైన కొద్దీ గాలి నిరోధం పెరుగుతుంది కాబట్టి అంతకు ముందే కూడా అయిపోవచ్చు. తెలిసిన డ్రైవరు అలా చేయడు. విద్యుత్తును దాచిపెట్టే అమరిక ఒకటి ఈ కారులో ఉంది. దాన్ని ఎంచుకుంటే బ్యాటరీ ఉన్నచోటే నిలుస్తుంది. రహదారి మీద ఇంజను నిలకడగా, తక్కువ ఇంధనంతో నడుస్తుంది కాబట్టి ఆలేరు, భువనగిరి, బీబీనగర్ దాకా వీ8 మీద వచ్చి, ఉప్పల్ దగ్గర కారు నత్తనడకకు దిగినప్పుడు విద్యుత్తుకు మారితే అక్కడి నుంచి హైటెక్ సిటీ దాకా ఇంజను ముట్టించనక్కర లేదు. ఆగి, కదిలి, మళ్లీ ఆగే రోడ్డులోనే పెట్రోలు ఇంజను ఎక్కువగా వృథా చేస్తుంది, మోటారు ఎక్కువగా ఆదా చేస్తుంది. ఈ కిటుకు తెలియకుండా నడిపితే బ్యాటరీ రహదారి మీదే ఖర్చయిపోయి, ట్రాఫిక్కులో రెండున్నర టన్నుల కారును వీ8 ఒక్కటే లాగాల్సి వస్తుంది.

పర్యావరణం మాటకొస్తే ఉత్తర తెలంగాణలో ఈ లెక్కను విడిగా వేయాలి. 18.6 యూనిట్లకు 69 కిలోమీటర్లంటే వంద కిలోమీటర్లకు 27 యూనిట్లు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారీకి సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. రామగుండం, జైపూర్, చెల్పూరు ప్లాంట్లలో సింగరేణి బొగ్గు మండుతున్న ఈ ప్రాంతానికి ఆ సగటు పరాయిది కాదు. గుణిస్తే కిలోమీటరుకు 190 గ్రాములు వస్తుంది, చార్జింగులో పోయే నష్టం కలిపితే ఇంకొంచెం ఎక్కువ. పెట్రోలు మీద 230 పైచిలుకు, కరెంటు మీద 190 పైచిలుకు. తేడా ఉంది, కానీ యూరప్ పత్రంలోని 39కీ దీనికీ సంబంధమే లేదు. ఇంటి మీద సోలార్ పలకలు ఉన్నవారి లెక్క వేరు. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున ఐదు కిలోవాట్ల పలకలు ఈ బ్యాటరీని ఇంచుమించు రోజూ నింపగలవు. పగలు కారు బయట ఉంటుంది కనుక, పగటి కరెంటును విద్యుత్ సంస్థకు ఇచ్చి రాత్రి తిరిగి తీసుకునే నెట్ మీటరింగు ఉండాలి, అంతే. పొగగొట్టం నుంచి వచ్చే పొగ నగరం నడిబొడ్డున తగ్గడం ఎటూ లాభమే.

ఎండాకాలం మరో పరీక్ష. మే నెలలో 45 డిగ్రీలకు చేరే గాలి, 25 డిగ్రీల గాలి కంటే ఆరు శాతం పలచగా ఉంటుంది. టర్బో మరింత వేగంగా తిరిగి ఆ లోటు పూడుస్తుంది గానీ, గాలిని ఎంత అదిమితే అది అంత వేడెక్కుతుంది. వేడి గాలితో సిలిండరులో ఇంధనం ముందుగానే పేలే ప్రమాదం ఉంటుంది కాబట్టి కంప్యూటరు నిప్పురవ్వ పడే క్షణాన్ని వెనక్కి జరిపి, శక్తిని కొంత తగ్గించుకుంటుంది. మోటారుకు గాలితో పని లేదు, అది మేలు. కానీ బ్యాటరీని చల్లబరిచేదీ, క్యాబిన్‌ను చల్లబరిచేదీ ఒకే శీతలీకరణ వ్యవస్థ మీద ఆధారపడతాయి. మ్యూనిక్‌లో కొలిచిన 727 హార్స్‌పవర్ రామగుండంలో మిట్టమధ్యాహ్నం పూర్తిగా దొరుకుతుందని ఆశించకూడదు. ఈ రోడ్ల మీద దాని అవసరం కూడా రాదు. నాలుగు వరుసల జాతీయ రహదారి మీదే కార్లకు వంద కిలోమీటర్లకు మించి అనుమతి లేదు, ఎం5 ఆ వేగాన్ని మూడున్నర సెకన్లలో అందుకుని ఊరకుండాలి.

అంతకంటే తక్షణ సమస్య టైర్లది. ముందు 285/40 ఆర్20, వెనక 295/35 ఆర్21. వెనక టైరు పక్కగోడ ఎత్తు పది సెంటీమీటర్ల పైన కొద్ది మిల్లీమీటర్లే. మామూలు సెడాన్ టైరు పక్కగోడ కూడా దానికి ఒక సెంటీమీటరు మాత్రమే ఎక్కువ, కానీ ఆ టైర్లు మోసేది ఇందులో సగానికి కాస్త ఎక్కువ బరువు. గ్రానైటు బండల లారీలు తిరిగే కరీంనగర్ రోడ్డులో, విస్తరణ పనులు జరిగేచోట్ల, రాత్రిపూట కనిపించని ఒక అంచు మీదికి ఇంత బరువు ఎక్కితే టైరు ఉబ్బిపోవడం, చక్రం వంకర పోవడం ఎంతోసేపు పట్టదు. ముందు వెనక కొలతలు వేరు కాబట్టి వాటిని అటూ ఇటూ మార్చి అరుగుదలను సమం చేసే సౌలభ్యం లేదు. ఆ కొలత టైరు వరంగల్ దుకాణాల్లో సిద్ధంగా దొరుకుతుందని నమ్ముకోవడం కూడా తెలివైన పని కాదు. కాలనీల్లో ఎవరికి తోచినట్టు వారు పోసిన స్పీడ్ బ్రేకర్ల మీద, ముందు వెనక చక్రాల మధ్య మూడు మీటర్ల నిడివి ఉన్న భాగం తగలకుండా కారును ఏటవాలుగా ఎక్కించాల్సిందే. బ్యాటరీ ఉన్నది సరిగ్గా ఆ భాగంలోనే.

ధర గురించి క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. ఎం5 జర్మనీలోని డింగోల్ఫింగ్ కర్మాగారంలో తయారై, పూర్తి కారుగానే మన ఓడరేవులో దిగుతుంది. 40,000 డాలర్లకు మించిన విలువ గల దిగుమతి కారు మీద సుంకాలు మొత్తం 110 శాతం. వంద రూపాయల కారు ఓడ దిగేసరికి 210 అవుతుంది. దాని మీద 2025 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న 40 శాతం జీఎస్టీ చేరితే 294. డీలరు వాటా, బీమా, రాష్ట్ర జీవితకాల పన్ను ఆ తరువాతి మాట. చెన్నై ప్లాంటులో బీఎండబ్ల్యూ కూర్చే 5 సిరీస్ వేరు. ముందు వెనక చక్రాల మధ్య 3,105 మిల్లీమీటర్ల నిడివితో, వెనక సీట్లో కూర్చునే యజమాని కాళ్లు చాపుకోవడానికి పొడిగించిన కారు అది. ఎం5 నిడివి 3,006 మిల్లీమీటర్లే, దాన్ని డ్రైవరు సీట్లో కూర్చునే యజమాని కోసం చేశారు. రెండు కోట్లు పెట్టగలవారిలో అలాంటివారు తెలంగాణలో ఎంతమంది అన్నది వేరే ప్రశ్న. ఆ ధరకు ఎత్తైన, దూరం నుంచే కనిపించే ఎస్‌యూవీ కొనడం ఇక్కడి ఆనవాయితీ, ఇక్కడి రోడ్లకు అందులో కొంత న్యాయమూ ఉంది.

అందువల్ల ఈ కారు వైపు నిజంగా చూసేవారికి అసలు పోటీ ఎస్‌యూవీ కాదు, సీ63 కూడా కాదు. 2021లో 1.62 కోట్లకు అమ్మి, ఇప్పుడు హైదరాబాదు సెకండ్ హ్యాండ్ బజారులో అంతకంటే బాగా తక్కువకు వెతుక్కోగల ఆరో తరం ఎం5 కాంపిటిషన్ దీనికి అసలు పోటీ. అది తేలిక, వేగంలో ఒక పిసరు ముందు, చెడిపోవడానికి ఒక వ్యవస్థ తక్కువ. వారాంతంలో జనగామ దాకా ఊరికే పోయి రావడానికి మాత్రమే కారు కావాలనుకునేవారు దాన్నే ఎంచుకుంటే తప్పు పట్టడానికి లేదు. ఒకే కారుతో పొద్దున చప్పుడు లేకుండా పిల్లల్ని బడి దగ్గర దింపి, సాయంత్రం ట్రాఫిక్కులో ఇంజను ఆపేసి కదిలి, నెలకు రెండుసార్లు రహదారి మీద వీ8 గొంతు వినాలనుకునేవారికి పాత కారు ఆ మొదటి రెండు పనులూ చేయలేదు. ఇంటి దగ్గర చార్జింగు పాయింటు పెట్టుకోగలిగితే ఏడో తరానికి డబ్బు పెట్టడానికి ఆ ఒక్క కారణం చాలు.